చాక్లెట్ల పంచనామా

అక్టోబరు నెల వచ్చిందంటే చాలు, డాలస్ శివారులోని మా తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ సందేశం ఏటేటా వచ్చే తద్దినంలా తప్పకుండా ప్రత్యక్షమవుతుంది. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే హాలోవీన్ పండుగ రాత్రి ముక్కూ మొహం తెలియని దుర్మార్గులు పిల్లల చాక్లెట్లలో విషమూ, బ్లేడు ముక్కలూ, 2022 నుంచి అదనంగా ఫెంటనిల్ అనే ప్రాణాంతక మత్తుమందు రంగురంగుల మాత్రలూ కలిపి పంచుతారని దాని సారాంశం. డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రవేత్త 1958 నుంచి వచ్చిన ఇలాంటి వార్తలన్నీ తవ్వి చూసి, అపరిచితుడు పంచిన విషపు మిఠాయితో ఒక్క బిడ్డ చనిపోయినట్టు కూడా రుజువు లేదని తేల్చాడు. 1974లో మా టెక్సాస్‌లోనే ఒక పిల్లవాడు సైనైడ్ కలిపిన మిఠాయి తిని మరణించిన మాట నిజమే; కాని ఆ విషం పెట్టినవాడు బీమా సొమ్ముకు ఆశపడిన కన్నతండ్రి. కనుక శాస్త్రీయంగా ఆలోచిస్తే, ఆ రాత్రి చాక్లెట్లను తండ్రుల కంట పడకుండా దాచవలసి ఉంటుంది.

మా ఇంట అందుకు పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. మా వారు భోజనాల బల్ల మీద తెల్లని దుప్పటి పరచి, ఫోను లైటు వెలిగించి, కంసాలి ముక్కుపుడకను చూసినట్టు ఒక్కొక్క చాక్లెట్టునూ తిప్పి చూస్తారు. అంచు నలిగినది అనుమానితం, వేరుశెనగ ఉన్నది తీవ్ర అనుమానితం. అనుమానితాలన్నిటినీ బిడ్డ క్షేమం కోరి తామే ఆరగిస్తారు. పరమశివుడు గరళం మింగినట్టే. కాకపోతే శివుడు కాగితాలను సోఫా కింద దాచినట్టు పురాణాల్లో లేదు.

అమెరికాలో 1975 నుంచి 2016 వరకు ఉన్న రోడ్డు ప్రమాదాల లెక్కలను బట్టి, ఆ సాయంత్రం పాదచారులు కార్ల కింద పడి చనిపోయే ముప్పు మిగతా సాయంత్రాల కంటే 43 శాతం ఎక్కువ. ఆ కార్లు నడిపేది దుర్మార్గులు కారు, పంచనామాకు వేళ మించిపోతోందని ఇళ్లకు పరుగెత్తే నాన్నలే. చీకట్లో కార్లవాళ్లకు కనబడేలా పిల్లల నల్ల అంగీ మీద మెరిసే టేపు అంటించమని మాత్రం గ్రూపులో ఎవరూ రాయరు.

పైగా మనకు పసివాడైన పదిహేనేళ్ల కొడుకు వీధికి మగవాడు. వర్జీనియాలోని చెసాపీక్ నగరంలో 12 ఏళ్లు దాటినవారు మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగితే జైలుకు పంపవచ్చనే నిబంధన 2019 వరకు ఉండేది. దానికి నవ్వుకోవచ్చు. 1992 అక్టోబరుకు నవ్వలేము. లూసియానాలోని బేటన్ రూజ్‌లో యోషిహిరో హత్తోరి అనే పదహారేళ్ల జపాన్ విద్యార్థి హాలోవీన్ విందుకు వెళుతూ పొరపాటున వేరే ఇంటి గంట కొట్టాడు. ఆ ఇంటాయన తుపాకీతో కాల్చి చంపాడు. జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. గంట కొట్టిన పాపానికి ప్రాణం తీస్తారా? ఆ రాత్రి మన పిల్లలు చేసేది అదే కదా! ఆరడుగుల పొడవు, చామనచాయ, మొహానికి ముసుగు, ఏ తలుపు వెనక ఏ తుపాకీ ఉందో తెలియదు. మీరేమో చాక్లెట్టు కాగితాలకు చిల్లులు వెతుకుతున్నారు!

ఈ మాటే గ్రూపులో రాశాను. "ఇక్కడ రాజకీయాలు వద్దండీ" అని అడ్మిన్ గారు తొలగించి, ఆ ఖాళీలో బ్లేడు ముక్కల సందేశాన్ని మరొకసారి పెట్టారు. మా వారు దానికి దండం పెట్టి, ఈ ఏటి కోసం భూతద్దం ఆర్డరు చేశారు.