డ్యూటీ ఒకటే, కాగితాలు వేరు

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండ్‌లో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద కాల్పులు జరిగాయి. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. ఆ వారంలోనే జానకీపురం దగ్గర ఆ దుండగులతో జరిగిన ఎదురుకాల్పుల్లో మరో కానిస్టేబుల్ అక్కడికక్కడే ప్రాణాలు విడిచారు. గాయపడిన ఎస్ఐ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూలు మెట్లు ఎక్కుతున్నారు.

బస్టాండ్‌లో చనిపోయిన ఇద్దరిదీ ఆ రాత్రి ఒకటే డ్యూటీ. జీతం కాగితాలు మాత్రం వేరు. హోంగార్డుకు రోజుకింతని గౌరవ వేతనం, ఇప్పుడది 1,000 రూపాయలు. పింఛను లేదు. 108 అంబులెన్స్‌లో వచ్చే పైలట్ (డ్రైవరు), టెక్నీషియన్ ఏజెన్సీ మనుషులు. గాలివానలో కరెంటు స్తంభమెక్కే ఆర్టిజన్‌ది ఇంకో రూలు. ఆపద వేళ ముందుగా చేరేది వీళ్లే. వీళ్లలో ఎవరైనా పోతే ఇంటికి ఏమొస్తుందన్నది మాత్రం చేసిన పనిని బట్టి కాదు, అపాయింట్‌మెంట్ ఆర్డర్‌ను బట్టి తేలుతుంది.

శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రాన్ని గుర్తు చేసుకుందాం. 2020 ఆగస్టు 20 రాత్రి భూగర్భంలో మంటలు లేచినప్పుడు వాటికి ఎదురు నిలిచింది ఫైరింజన్ కాదు, షిఫ్టులో ఉన్నవాళ్లు. తొమ్మిది మంది బయటికి రాలేదు. ఏడుగురు జెన్‌కో ఉద్యోగులు, ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ వాళ్లు. అమరుల దినోత్సవాలు జరిపే ఏ శాఖ జాబితాలోనూ ఇలాంటి వారికి చోటుండదు.

తలచుకుంటే ప్రభుత్వం ఎంత వేగంగా కదులుతుందో కూడా మన ఉమ్మడి నల్లగొండ జిల్లావాళ్లు చూశారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో కల్నల్ సంతోష్ బాబు అమరుడైతే, వారానికే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సూర్యాపేటలోని ఇంటికి వచ్చి 5 కోట్ల రూపాయల సాయం, గ్రూప్-1 ఉద్యోగం పత్రాలు అందజేశారు. అది న్యాయమే. ఆ వేగంలో పదో వంతైనా హోంగార్డు ఇంటి ఫైలుకు ఉండాలని మాత్రమే మేము అంటున్నాం. తీవ్రవాదుల చేతిలో చనిపోయిన పోలీసు కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2025 అక్టోబర్‌లో పెంచారు. కానిస్టేబుల్ నుంచి ఏఎస్ఐ వరకు కోటి రూపాయలన్నారు. సంతోషం. చౌటుప్పల్ దగ్గరో, జడ్చర్ల దగ్గరో రాత్రిపూట యాక్సిడెంట్ అయిన కారు పక్కన నిలబడి ట్రాఫిక్ మళ్లిస్తున్నవాడిని వెనక నుంచి లారీ గుద్దితే, ఆ కోటి లెక్క అక్కడికి రాదు.

ఇక ఊరి సంగతి. దినాలయ్యేదాకా ఇల్లంతా జనమే. బ్యాచ్‌మేట్లు వాట్సాప్‌లో తలా కొంత వేసుకుంటారు, నాయకులు వస్తారు, ఫొటోలు దిగుతారు. పన్నెండో రోజు నుంచి ఆ ఇల్లాలు ఒక్కతే మీసేవకు, తహసీల్దార్ ఆఫీసుకు, బ్యాంకుకు తిరుగుతుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడితే మళ్లీ మొదటికే. జీతం పడే ఖాతాకు ప్రమాద బీమా ఉండొచ్చన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. కారుణ్య నియామకానికి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలని చెప్పేవారుండరు.

రాయడానికి కాస్త ఇబ్బందైన మాట ఇంకొకటి ఉంది. డబ్బు వచ్చిన రోజే ఇల్లు చీలుతుంది. కొడుకును పోగొట్టుకున్న తల్లిదీ హక్కే, భర్తను పోగొట్టుకున్న భార్యదీ హక్కే. పెద్దమనుషుల పంచాయితీలో గొంతు పెద్దగా ఉన్నవాడి మాట చెల్లుతుంది. చేబదులు అడిగే చుట్టాలు, చిట్టీ కట్టమనే పరిచయస్తులు సరేసరి. అందుకే ఊళ్లు చందాలు పోగుచేయడంతో ఆగిపోకూడదు. అక్కడి రిటైర్డ్ టీచరో, పోస్ట్‌మాస్టరో, లాయరో ఎవరో ఒకరు ఏడాది పాటు ఆ ఇంటి కాగితాల బాధ్యత తీసుకోవాలి. వచ్చిన సొమ్ములో పిల్లల వాటా వాళ్ల పేరునే డిపాజిట్ అయ్యేలా చూడాలి. దీనికి పెద్ద నిధి అక్కర్లేదు. ఓపిక, కొంచెం మొండితనం ఉంటే చాలు.

ఏటా అక్టోబర్ 21న పరేడ్ మైదానాల్లో అమరుల పేర్లు చదువుతారు. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో పడిపోయిన పది మంది పోలీసుల జ్ఞాపకంగా వచ్చిన రోజది. ముందు వరసలో కుటుంబాలను కూర్చోబెడతారు, శాలువా కప్పుతారు. ఈసారి నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఆ జాబితాతో పాటు ఇంకొకటి కూడా చదవమని అడుగుతున్నాం. ఏ ఇంటి ఫైలు ఎన్నాళ్లుగా ఏ టేబుల్ మీద ఉంది, హోంగార్డులవీ ఏజెన్సీ సిబ్బందివీ కలిపి. ఆ కుటుంబాలు ఒప్పుకుంటే దాన్ని మా పత్రిక మొదటి పేజీలో వేయడానికి మేము సిద్ధం.