ఏటీసీకి ఎదురు చెప్పే పైలట్ పొగరుబోతా?

పైలట్లూ, నేల మీంచి విమానాలకు దారి చెప్పే ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) కంట్రోలర్లూ రేడియోలో వాదించుకున్న ఆడియో ఏదైనా బయటికొస్తే చాలు, దాని వెనకే ఒక మెసేజ్ తిరుగుతుంది: "ఏటీసీ మాటే ఫైనల్. ఎదురు చెప్పే పైలట్ పొగరుబోతు. నిజంగా ఇబ్బంది ఉంటే కంట్రోలర్‌కు స్క్రీన్ మీదే కనిపిస్తుంది. వాళ్లు వాదించుకుంటే మన ప్రాణాలకు గ్యారంటీ లేదు." దీన్ని నమ్మి విమానం ఎక్కడానికే భయపడేవాళ్లను చూశాను. అందుకే ఈ జవాబు.

ఏటీసీ మాట ఫైనల్ కాదు. మామూలుగా కంట్రోలర్ చెప్పింది పాటించి తీరాలి, నిజమే. కానీ విమానం భద్రత విషయంలో తుది నిర్ణయం కెప్టెన్‌దేనని అంతర్జాతీయ నియమాలే చెబుతున్నాయి. చెప్పింది చేయలేనప్పుడు అనడానికి "అనేబుల్" (unable, చేయలేను) అనే మాట ఉంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ దెబ్బతిన్నప్పుడు, వెనక్కి రమ్మని కంట్రోలర్ లాగార్డియా విమానాశ్రయంలో రన్‌వే చూపిస్తే కెప్టెన్ సలెన్‌బర్గర్ అన్నది ఆ మాటే. హడ్సన్ నదిలో దిగాడు. 155 మందీ బతికారు.

ఎదురు చెప్పకపోతే ఏమవుతుందో 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగెన్ పైన తేలింది. జ్యూరిక్ కంట్రోలర్ రష్యన్ విమానాన్ని కిందికి దిగమన్నాడు. కొన్ని క్షణాల్లోనే కాక్‌పిట్‌లోని టీకాస్ (విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే పరికరం) పైకెక్కమంది. సిబ్బంది మనిషి మాటే విన్నారు. అటు కార్గో విమానం తన టీకాస్ చెప్పినట్టు కిందికే దిగుతోంది. 71 మంది పోయారు. ఆ కంట్రోలర్‌ను తప్పుపట్టి ఊరుకోవడం అన్యాయం, రెండు స్క్రీన్లు ఒక్కడే చూసుకుంటున్నాడు. ఇప్పుడైతే నియమం స్పష్టం: కంట్రోలర్ వేరేలా చెప్పినా టీకాస్ చెప్పిందే చేయాలి.

"స్క్రీన్ మీద కనిపిస్తుంది" అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. రాడార్‌లో విమానం ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగంతో పోతోంది అన్నవి తెలుస్తాయి. ట్యాంకులో ఇంధనం ఎంతుందో తెలియదు. 1990 జనవరి 25న అవియాంకా 52 అనే ప్రయాణికుల విమానం న్యూయార్క్ దగ్గర గంటకు పైగా గాల్లో చక్కర్లు కొట్టింది. మొదటిసారి దిగలేక మళ్లీ పైకి లేచాక, ఎమర్జెన్సీ అని చెప్పమన్నాడు కెప్టెన్. కో-పైలట్ కంట్రోలర్ ఇచ్చిన హెడింగ్ (వెళ్లాల్సిన దిశ) తిరిగి చదివి, మళ్లీ ప్రయత్నిస్తామని, ఇంధనం అయిపోతోందని మాత్రం అన్నాడు. ఎమర్జెన్సీ అన్న మాట రేడియోలోకి వెళ్లనే లేదు. కంట్రోలర్ మామూలు విమానంలాగే చూశాడు. 73 మంది చనిపోయారు. ఆ కో-పైలట్ గొంతు పెంచి ఉంటే ఎవరైనా పొగరు అనేవారా?

అలాగని కెప్టెన్ ఏం చేసినా చెల్లుతుందని కాదు. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో క్లియరెన్స్ (టేకాఫ్‌కు అనుమతి) రాకముందే టేకాఫ్ మొదలుపెట్టిన కెఎల్ఎమ్ విమానం రన్‌వే మీదున్న పానామ్ విమానాన్ని ఢీకొట్టి 583 మంది పోయారు. చేయలేనని చెప్పడం వేరు, అనుమతి ఉందనుకుని వెళ్లిపోవడం వేరు.

ఇక వాదన. టెన్షన్‌లో నోరు జారేవాళ్లు రెండువైపులా ఉన్నారు, అది తప్పే. ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి మాట వినబడదు మరి. అందుకే అమెరికాలో కంట్రోలర్ గొడవ సాగదీయకుండా ఒక ఫోన్ నంబర్ చదువుతాడు, దిగాక కాల్ చేయమని. పైలట్ రాసుకుంటాడు. తర్వాతి విమానానికి పిలుపు వెళ్తుంది.