ఎవరూ అడగలేదా?
డయపర్ల గురించి వచ్చిన ఒక వ్యాసం చదివాను. అమెరికాకు చెందిన మారియన్ డోనవన్ అనే ఆవిడ 1946లో షవర్ కర్టెన్ కత్తిరించి తడి బయటికి రాని డయపర్ కవర్ కుట్టి కంపెనీలకు చూపిస్తే, ఏ ఆడమనిషీ ఇది కావాలని అడగలేదంటూ తిప్పి పంపారని అందులో రాశారు. చదువుతుంటే కోపమొచ్చింది. గుడ్డలు ఉతికేవాళ్లను వాళ్లెప్పుడైనా అడిగారా? మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బోరు నీళ్లకు సబ్బు నురగే రాదు. ఎంత జాడించినా పాత చీర గుడ్డలు ఎండాక గరగరలాడేవి, బాబు తొడలు ఎర్రగా కమిలేవి. ముసురు పట్టిందంటే ఇంట్లో తాడు కట్టి ఆరేసినా తడి పోయేది కాదు. ఈ టెన్షన్ అంతా అత్తమ్మకు, నాకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ పట్టలేదు. డోనవన్ పిన్నీసులు తీసేసి టిచ్ బటన్లు పెట్టిందంటే, కదిలే బిడ్డకు ఎక్కడ గుచ్చుకుంటుందోనన్న భయం ఆమెకు తెలుసు కాబట్టే. 1949లో న్యూయార్క్‌లోని సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణంలో అమ్మకానికి పెట్టగానే జనం కొన్నారు, 1951లో పేటెంట్ వచ్చింది, హక్కులు 10 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. అడిగేవాళ్లు లేకపోతే కొన్నదెవరు? అయితే పసిపిల్లలకు రోజంతా డయపరే మంచిదన్నట్టు ఆ వ్యాసం చివర్లో రాసింది మాత్రం ఒప్పుకోను. మన నల్లగొండ మే నెల ఎండల్లో పగలు పిల్లల్ని ఏమీ కట్టకుండా వదిలేయడమే మేలు, రాత్రిపూట, బస్సు ప్రయాణాలప్పుడు వేస్తే సరిపోతుంది.