ఐఈసీ ఒక్కటే చాలదు

ఐఈసీ (ఎగుమతి-దిగుమతులకు ఇచ్చే కోడ్ నంబరు) తీసుకుంటే అనంతపురం అరటిని నేరుగా గల్ఫ్‌కు పంపొచ్చని అరటి ఎగుమతిపై మీ వ్యాసంలో రాశారు. అది మొదటి మెట్టు మాత్రమే. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) సైట్లో 500 రూపాయలు కడితే వస్తుంది. ఏమీ మారకపోయినా ఏటా ఏప్రిల్-జూన్ మధ్య వివరాలు ధ్రువీకరించాలి, మరిచిపోతే నంబరు పనిచేయదు. తర్వాత వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడాలో ఆర్‌సీఎంసీ (నమోదు-సభ్యత్వ సర్టిఫికెట్), కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చూసే బ్యాంకు శాఖ కోడ్) నమోదు. ఈ కోడ్ సంగతి కంటైనర్ లోడయ్యాక తెలిస్తే షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) ఆగిపోతుంది, కాయ మాగడం మాత్రం ఆగదు. పురుగు, తెగులు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ సరేసరి.

ఈసీజీసీ (ఎగుమతుల చెల్లింపులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ గురించి ఇంకా వివరంగా చెప్పాల్సింది. కొన్నవాడు దివాలా తీసినా, డబ్బు ఎగ్గొట్టినా పరిహారం ఇస్తుంది. అయితే "కాయ బాగాలేదు" అని అతను పేచీ పెడితే, అది తేలేదాకా క్లెయిమ్ కదలదు. అరటిలో వచ్చే గొడవలన్నీ అక్కడే కదా! గెల నుంచి హస్తాలు (అత్తాలు) కోశాక జిగురు పూర్తిగా కారకముందే పెట్టెలో పెడితే తొక్క మీద నల్లటి చారలు పడతాయి. కంటైనర్‌లో 13-14 డిగ్రీలు ఉండాలి, 12 కంటే తగ్గితే తొక్క బూడిదరంగుకు తిరిగి సరిగా మాగదు. అందుకే లోపల టెంపరేచర్ రికార్డర్ పెట్టండి, తలుపు మూసేముందు ఫొటోలు తీయండి. పేచీ వస్తే చూపించడానికి అవే ఆధారం.

అనంతపురం జిల్లా పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు అవగాహన సదస్సుల కంటే ముందు ప్యాక్‌హౌస్‌లు (కాయను శుభ్రం చేసి పెట్టెల్లో సర్దే షెడ్లు), లోడింగ్‌కు ముందు కాయను చల్లబరిచే ప్రీకూలింగ్ గదులు కావాలి సార్.