కోటీ అరవై బోర్డు

మా ఇల్లు అమ్మాలని నిర్ణయించింది నేనూ కాదు, మా ఆవిడా కాదు. ఆవిడ మోకాళ్లు. గుంటూరు బ్రాడీపేటలో, ఒక అడ్డరోడ్డు మీద, 160 గజాల్లో మా నాన్న 1984లో కట్టించిన ఇల్లు మాది. వాననీళ్లు లోపలికి రాకూడదని ఆయన పునాది ఎత్తుగా వేయించి వాకిట్లో ఏడు మెట్లు పెట్టించాడు. నలభై ఏళ్లు గడిచేసరికి ఆ ఏడూ మా ఆవిడకి కోటప్పకొండ మెట్లయ్యాయి. లిఫ్టున్న ఫ్లాటు కొనుక్కుందామంది. కొనాలంటే ముందు ఇది అమ్మాలి.

మా ఊళ్లో ఏజెంటును వెతుక్కోనక్కర్లేదు. ఇస్త్రీ బండి దగ్గర ఒక్క మాట జారితే చాలు. ఇస్త్రీ ఆయన చేతిలోనే ఇద్దరు పార్టీలున్నారట. పాలాయన బావమరిది చేసేది ఇదే పనట. మంగలి షాపులో నా గడ్డం సగం గీసి ఆపి, "గజం ఎంత చెప్తున్నారు సార్?" అన్నాడు. గొంతు మీద కత్తి ఉండగా రేటు చెప్పాల్సొస్తే మనిషి కొంచెం తగ్గించే చెప్తాడు.

వడపోయగా చివరికి ఇద్దరు మిగిలారు.

మొదటాయన ఇదివరకు మిర్చియార్డులో కమిషన్ వ్యాపారం చేసి ఇటు వచ్చినవాడు. ఇంటిని కూడా సరుకు చూసినట్టే చూశాడు. గోడ తట్టాడు, ద్వారబంధాన్ని గోటితో గీరాడు, దొడ్లో చిటికెడు మట్టి తీసి వాసన చూశాడు. తుమ్ముతాడేమో అనుకున్నాను. "సార్, ఇది మిర్చిలో తేజ రకం లాంటిది. తాలు అన్నది లేదు. గజం లక్షకి రూపాయి తగ్గొద్దు. కోటీ అరవై!" అన్నాడు. మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన జీడిపప్పు కూడా పెట్టింది.

రెండో ఆయనకి డెబ్భై దాటాయి. రిజిస్ట్రారాఫీసు దగ్గర ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసి, చూపు తగ్గాక ఈ పనిలోకి దిగాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో గుడ్డసంచీ. ఇల్లు చూపిస్తానంటే, "ఇల్లెక్కడికీ పోదులే అబ్బాయ్, ముందు కాగితాలు తే" అన్నాడు.

"ఎవరి పేరునుంది?"

"నా పేరునే బాబాయ్ గారూ. నాన్న సెటిల్‌మెంటు రాసిచ్చారు."

"రిజిస్టరైందా?"

"అయింది."

"లింకు డాక్యుమెంట్లు? ఈసీ, అదే ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపే కాగితం, తీశావా? 1983కి ముందుది ఆన్‌లైన్లో రాదు, పాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. ఇంటిపన్ను బాకీ ఏమన్నా ఉందా? పై వాటాకి ప్లానుందా? అసలెందుకు అమ్ముతున్నావ్?"

మా అబ్బాయి పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి కూడా మమ్మల్ని ఇన్ని అడగలేదు. అన్నీ అయ్యాక ఆయన ఇల్లంతా రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, "ఈ గోడలకి విలువేం లేదమ్మా, నేలకే విలువ. గజం డెబ్భై రెండు వేల లెక్కన కోటీ పదిహేను. రెండో మూడో తగ్గినా ఇచ్చెయ్యండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "పైన అద్దెకున్నాయన్ని అడిగారా?" అన్నాడు.

"గోడలకి విలువ లేదా! మామగారు దగ్గరుండి కట్టించిన గోడలు!" అని ఆయన గేటు దాటకముందే మా ఆవిడ అందుకుంది. నాకు మండింది మాత్రం ఆఖరి మాటకి. పార్టీల్ని తేవడానికే కదా కమిషన్! మనింట్లో ఉన్నవాళ్లనే మనల్ని అడగమంటే ఇంక ఈయన చేసేదేముంది? పైన ఉండేది జూనియర్ కాలేజీ లెక్చరరు. తొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు. అద్దె 5వ తేదీకల్లా ఇచ్చే మనిషే గానీ, ఇల్లు కొనే రకంలా ఏనాడూ కనపడలేదు.

ఆ కంగారులో పెద్దాయన గొడుగు మరిచిపోయాడు. దాన్ని తలుపు వెనక తగిలించి, మిర్చి ఆయనకి రెండు శాతం కమిషనుకి ఒప్పుకున్నాం. నలభై ఐదు లక్షలు ఎక్కువ తెస్తానన్నవాడు మంచి ఏజెంటా, తక్కువ తెస్తానన్నవాడా? ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. మేమూ ఆ పిల్లాడంత తెలివిగానే ఆలోచించాం.

మర్నాడు గేటుకి బోర్డెక్కింది. "ఈ ఇల్లు అమ్మబడును" అన్నది చిన్నక్షరాల్లో, ఆయన ఫోన్ నంబరు మూరెడు అక్షరాల్లో. అడుగున "కార్నర్ బిట్" అని కూడా రాయించాడు. మాది మూలనించి మూడో ఇల్లు కదయ్యా అంటే, "మధ్యలో రెండే ఉన్నాయిగా సార్" అన్నాడు.

బోర్డు చూసి కొనేవాళ్లు రాలేదుగానీ మిగతా అందరూ వచ్చారు. పాలాయన నెల మధ్యలోనే లెక్క కట్టి చీటీ చేతిలో పెట్టాడు. కిరాణాకొట్టతను పద్దు పుస్తకం తిరగేస్తూ, "ఏం తొందర్లేదు సార్, వీలుంటే ఇవాళే ఇవ్వండి" అన్నాడు. నరసరావుపేట నుంచి మా అక్క ఫోను చేసి, "అప్పులయ్యాయా తమ్ముడూ? నాకొక్క మాట చెప్పకూడదా?" అని ఏడ్చింది. నేను నవ్వుతూ కాదన్నకొద్దీ ఆవిడ ఏడుపు పెరిగింది.

తర్వాత పార్టీలు మొదలయ్యాయి. ప్రతి పార్టీ రావడానికి ముందు ఏజెంటు ఫోను చేసి "సీరియస్ పార్టీ సార్, సిట్టింగ్ వేస్తే అయిపోతుంది" అనేవాడు. ఒక సీరియస్ పార్టీ తిరిగి తిరిగి పెరట్లో కరివేపాకు బావుందని రెండు రెమ్మలు కోసుకుని వెళ్లింది. ఇంకో కుటుంబం పక్కవీధి కల్యాణమండపంలో పెళ్లికొచ్చి, ముహూర్తానికి ఇంకా గంటుందని మా ఇల్లు చూసింది. ఒకాయన సిద్ధాంతిని వెంట తెచ్చాడు. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా కలియతిరిగి, ఈశాన్యంలో నాన్న వేయించిన మెట్ల గది దగ్గర ఆగి, "ఈ ఇంట్లో నలభై ఏళ్లుగా ఉంటున్నారా? మరేం కాలేదా?" అని నన్ను కిందికీ పైకీ చూశాడు. ఏమీ కానందుకు నాకే తప్పు చేసినట్టనిపించింది.

ఇంత గందరగోళంలోనూ మాకు తోడున్నది పై లెక్చరరొక్కడే. ఎవరొచ్చినా, "పైన కూడా చూద్దురుగాని రండి సార్" అని తీసికెళ్లి కాఫీ ఇచ్చేవాడు. అద్దెకున్నవాళ్లు ఇంత సహకరించడం ఎక్కడన్నా చూశామా అని మేం మురిసిపోయాం. పైకెళ్లినవాళ్లు మళ్లీ ఫోను చేయడం లేదన్న సంగతి మాకెందుకో తట్టలేదు.

మూఢం వచ్చింది, పోయింది. తర్వాత ఆషాఢం. రేటు కోటీ నలభై ఐదుకి దిగింది, కోటీ ముప్ఫైకి దిగింది. ఏజెంటు మాత్రం చెక్కు చెదరలేదు. "రేటు పడ్డప్పుడు అమ్మకూడదు సార్. కోల్డ్ స్టోరేజీలో పెడదాం, మళ్లీ లేస్తుంది" అన్నాడు. ఏడు మెట్లతో సహా ఇంటిని కోల్డ్ స్టోరేజీకి ఎలా తోలాలో చెప్పలేదు. తర్వాత ఫోనెత్తడం మానేశాడు.

శ్రావణంలో ఒక సాయంత్రం జోరున వాన. తలుపు తీస్తే దస్తావేజుల పెద్దాయన తడిసి ముద్దయి నిలబడి ఉన్నాడు. "గొడుగు కోసం వచ్చా అబ్బాయ్, ఆర్నెల్లైంది" అన్నాడు. మా ఆవిడ ఈసారి కాఫీతో పాటు తువ్వాలు కూడా ఇచ్చింది. బోర్డు వంక చూసి, "పైనాయన్ని అడిగారా?" అన్నాడు మళ్లీ. నేను నేలచూపులు చూశాను. ఆయన కాఫీ తాగి, పైకెళ్లి, పావుగంటలో లెక్చరర్ని వెంటబెట్టుకుని దిగాడు.

"నాలుగేళ్లుగా అడుగుదామనే అనుకుంటున్నా సార్" అన్నాడు లెక్చరరు. "బ్యాంకు లోనుకి కూడా మాట్లాడుకున్నా. ఈలోగా మీరు కోటీ అరవై అని బోర్డు పెట్టించారు. ఇంక నోరు పెగల్లేదు."

"మరి వచ్చినవాళ్లందరికీ కాఫీలిచ్చి ఏం చెప్పారు మాస్టారూ?"

"అబద్ధం ఒక్కటి చెబితే ఒట్టు సార్. వానొస్తే పైన హాల్లో కారుతుందన్నా. ఎండాకాలం మోటారు మూడుసార్లు వేస్తేగానీ ట్యాంకు నిండదన్నా. అడిగారు కాబట్టి చెప్పా."

అడిగింది ఎవరో నేను అడగలేదు. నిజంగానే కారుతుంది. తొమ్మిదేళ్లలో ఐదుసార్లు మేస్త్రీని నేనే పంపాను.

కోటీ పన్నెండుకి కుదిరింది. కాగితాలన్నీ పెద్దాయన ముందే చూసి పెట్టుకోవడంతో బ్యాంకువాళ్ల లీగల్ పరిశీలనలో పేచీ రాలేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం కొనేవాళ్లది. అంతా సాఫీగా ఉందనుకుంటే నా ఖాతాలో లక్షా పన్నెండు వేలు తక్కువ కనపడ్డాయి. రిజిస్ట్రారాఫీసు వరండాలోనే లెక్చరరు మీదికి గొంతు లేపబోయాను. పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని, "అరవకు, అది టీడీఎస్సు. యాభై లక్షలూ, ఆ పైన అయితే కొనేవాడు ఒక శాతం కోసి నీ పాన్ మీద కట్టాలి. రిటర్ను వేసినప్పుడు నీ లెక్కలో జమవుతుంది" అన్నాడు. ఆయన కమిషనూ ఒక శాతమే. గవర్నమెంటుకీ ఆయనకీ సరిగ్గా ఒకే మొత్తం ముట్టింది. వానలో తడిసింది మాత్రం ఆయనొక్కడే. అంతా అయ్యాక మా వాకిట్లో గొడుగు మళ్లీ మరిచిపోయి వెళ్లాడు.

లిఫ్టున్న ఫ్లాటుకి మారిన మూడో వారం ఒక రాత్రి గట్టిగా వాన పట్టింది. పది దాటాక ఫోను మోగింది. లెక్చరరు.

"సార్, పైన హాల్లో మళ్లీ కారుతోంది."

"బకెట్ పెట్టండి మాస్టారూ, రేప్పొద్దున్నే మేస్త్రీని పంపిస్తా" అని ఫోను పెట్టేసి పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. మళ్లీ ఫోను మోగింది.