కాళీగంజ్ కోడల్ని మళ్లీ చూపించండి

1936 జూన్ 4న పుట్టిన హిందీ నటి నూతన్‌కి ఇది 90వ జయంతి ఏడాది. ముంబై ఆమెను ఎంతవరకు తలుచుకుంటుందో గానీ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠకులు మాత్రం ఆమె గురించి మాకు ఉత్తరాలు రాస్తున్నారు. ‘సుజాత’, ‘బందిని’ మళ్లీ చూశామని చెప్పేవి వాటిలో కొన్నే. ఎక్కువమంది అడుగుతున్నది ఒక సీరియల్ గురించి. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన ‘ముజ్రిమ్ హాజిర్’ను శుభ్రమైన ప్రింటుతో, మొదటి భాగం నుంచి చివరి భాగం దాకా ఎవరు చూపిస్తారని అడుగుతున్నారు. తమకు దొరికినవి అతుకుల బొంతలేననీ, ఒక భాగంలో మాట వినిపిస్తే బొమ్మ వణుకుతుందనీ, ఇంకో భాగం సగంలోనే తెగిపోతుందనీ రాశారు.

ఉత్తరాంధ్రలో హిందీ సీరియల్‌కి ఇంతమంది అభిమానులు ఎక్కడి నుంచి వచ్చారని బయటివాళ్లు అడగవచ్చు. ఇక్కడివాళ్లకు ఆ సందేహం రాదు. మన ఊళ్ల నుంచి సైన్యంలోకి వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. రైల్వే పనుల కోసం ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడిన బంధువులు లేని వీధీ తక్కువే. సెలవుకొచ్చిన ఫౌజీ మావయ్యో, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన పెదనాన్నో టీవీ ముందు కూర్చుని ఒక్కో డైలాగు తెలుగులో చెబుతుంటే, వీధిలో సగంమంది విన్న రోజులవి. మాటలు అర్థమయ్యేలోపు సీను అయిపోయేది. అందుకని చాలామంది నూతన్ ముఖం చూసే కథ అర్థం చేసుకున్నారు. ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు తన ఉత్తరంలో ఇదే రాశారు: హిందీ రాకపోవడం వల్లే ఆమె నటనను బాగా చూడగలిగానని. ఈ మాటతో మేం పూర్తిగా ఏకీభవిస్తాం.

బిమల్ మిత్ర బెంగాలీ నవల ఆధారంగా తీసిన ఆ సీరియల్‌లో నూతన్‌ది కాళీగంజ్ కోడలి పాత్ర. జమీందారీ ఇల్లు, అందులో జరిగిన అన్యాయం, తరాలు దాటినా తీరని బాకీ, ఇదీ కథ. విజయనగరం కోట నీడలో పెరిగినవాళ్లకు, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మందస, టెక్కలి పేర్లు వింటూ ఎదిగినవాళ్లకు ఇలాంటి కథకి వివరణ అక్కర్లేదు. 1948 చట్టంతో ఎస్టేట్లు పోయినా ఆ ఇళ్ల కబుర్లు పోలేదు. ఇంకా పలుకుబడి మిగిలిన దివాణాలనూ, ఏమీ మిగలక తలుపులు వేసుకున్న లోగిళ్లనూ మన పెద్దవాళ్లు కళ్లారా చూశారు. ఆస్తి పోయినా గొంతులో అధికారం పోని ఆడమనిషి వాళ్లకు కొత్త కాదు. తెర మీద కనిపించింది బెంగాల్ ఊరైనా వాళ్లు పోల్చుకున్నది తమ ఊరినే.

నూతన్‌కి ఆ పాత్ర ఎప్పుడు వచ్చిందో కూడా చూడాలి. ‘సీమ’, ‘సుజాత’, ‘బందిని’, ‘మిలన్’, ‘మై తులసీ తేరే ఆంగన్ కీ’ చిత్రాలకు ఐదుసార్లు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డు అందుకున్న మనిషి. 1980ల్లో ఆమె ఎక్కువగా హీరో తల్లిగానో, ఇంటి పెద్దగానో మిగిలింది. ‘మేరీ జంగ్’కి సహాయ నటి అవార్డు వచ్చినా సినిమా తిరిగేది కొడుకు చుట్టూనే. ఏడవడానికి అమ్మ, పగ తీర్చుకోవడానికి కొడుకు అనే లెక్క అప్పటి హిందీ సినిమాది (తెలుగు సినిమా లెక్క కూడా అంతకన్నా గొప్పగా ఏం లేదు). అలాంటి రోజుల్లో బుల్లితెర ఆమెకు పేరున్న పాత్ర ఇచ్చింది. యాభై దాటిన నటికి బలమైన పాత్ర ఇచ్చే ధైర్యం అప్పట్లో సినిమా కన్నా దూరదర్శన్‌కే ఎక్కువ ఉందని మా అభిప్రాయం. 1991 ఫిబ్రవరిలో క్యాన్సర్ ఆమెను తీసుకుపోయింది. టీవీలో ఇంకా ఏం చేసి ఉండేదో తెలిసే అవకాశం లేకపోయింది.

‘బందిని’లో విషం కలిపే ముందు నూతన్ ముఖం గుర్తుంది కదా. మాటలు లేవు. బయట ఇనుము కొడుతున్న చప్పుడు, ఆమె ముఖం మీద వెలుగు వచ్చిపోవడం, అంతే. ముఖంతో ఇంత పని చేయగల నటి చిన్న తెరకి సరిగ్గా సరిపోతుంది. టీవీలో కొండలూ గుర్రాలూ కనిపించవు, మనిషి కళ్లు కనిపిస్తాయి. తెలుగువాళ్లకు ఆమె నటన తీరు చూడటానికి ఇంకో దారి కూడా ఉంది. ఆదుర్తి సుబ్బారావు 1964లో తీసిన ‘మూగమనసులు’ను ఎల్వీ ప్రసాద్ నిర్మాణంలో తానే హిందీలో 1967లో ‘మిలన్’గా తీశారు. సావిత్రి చేసిన పాత్ర నూతన్ చేసింది. గౌరిగా జమున రెండింటిలోనూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నూతన్ సావిత్రిని అనుకరించలేదని తెలుస్తుంది. సావిత్రి కళ్లలో తొణికిన చోట నూతన్ బిగపట్టింది. ఎవరు గొప్ప అని కొట్టుకోవడం అభిమానుల సరదా. మేం ఆ గొడవలోకి దిగం. కాళీగంజ్ కోడలే నూతన్ చేసిన వాటన్నిటిలోకీ గొప్ప పాత్ర అని కొందరు రాసినదానితో మాత్రం ఏకీభవించలేం. ‘బందిని’ పక్కన పెట్టదగ్గ పాత్ర అంటే సరే.

అసలు చిక్కు తర్వాత ఉంది. సత్యజిత్ రే 1981లో దూరదర్శన్ కోసం ‘సద్గతి’ తీస్తే, రే పేరుంది కాబట్టి స్మితా పాటిల్ నటనతో పాటు అది నిలబడింది. మిగతావాటికి అంత పెద్ద అండ లేదు. స్పాన్సర్ల డబ్బుతో వచ్చిన ఆనాటి సీరియళ్లలో చాలావాటిని తీసింది ప్రైవేటు నిర్మాతలు. ఇవాళ అడిగితే హక్కులు వాళ్లవని ప్రసార సంస్థ చెప్పవచ్చు, వాళ్లెక్కడున్నారో వెతుక్కోవడం మన వంతు అవుతుంది. 1957 కాపీరైట్ చట్టం సినిమాలకు, సీరియళ్లకు 60 ఏళ్ల రక్షణ ఇస్తుంది. అంటే 1988 సీరియల్‌కి 2048 చివరి దాకా. అయస్కాంత టేపు అప్పటిదాకా బతుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. హక్కు భద్రంగా ఉండి, హక్కున్న వస్తువు పాడైపోతే ఎవరికి లాభం?

పుస్తకం ప్రచురించినవాళ్లు 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలి. టీవీలో వచ్చినదానికి అలాంటి నిబంధన లేదు. ఉండాలి. దూరదర్శన్‌కి సంకల్పం ఉంటే ఎంత త్వరగా పని చేయగలదో 2020 లాక్‌డౌన్‌లో చూశాం. మార్చి 28న ‘రామాయణ్’ మళ్లీ వేసింది. ఏప్రిల్‌లో డీడీ రెట్రో అనే ఛానలే పెట్టింది. కోట్లమంది చూసేవాటికి దుమ్ము దులిపిన చేతులు, వేలమంది చూసేవాటికీ దులపవచ్చు.

ఇది పెద్ద డబ్బు పని అని ఎవరైనా అంటే శ్రీకాకుళం రమ్మంటాం. మురపాకలో పుట్టిన బడిపంతులు కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న ఇక్కడ కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం తెరిచారు. పాత పత్రికలు ఎవరి అటక మీద ఉన్నాయో అడిగి, తెచ్చి, ఏ కథ ఎప్పుడు ఎక్కడ అచ్చయిందో జాబితా రాయించారు. తెలుగు కథకి ఇప్పుడు చిరునామా ఉందంటే ఆ జాబితా వల్లే. కారా మాస్టారు 2021లో పోయిన రోజు కూడా నూతన్ పుట్టిన జూన్ 4 కావడం యాదృచ్ఛికమే. ఆయన ముందుగా చేసింది ఏమేం ఉన్నాయో తెలుసుకోవడం. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి కూడా అక్కడే మొదలుపెట్టాలి. 1980లు, 90ల నాటి సీరియళ్లు, టెలిఫిల్ములలో ఏవి టేపు మీద మిగిలాయి, ఏవి చెరిగాయి, ఏవి ఎవరి హక్కులో ఉన్నాయి, ఈ మూడూ జనం ముందు పెట్టాలి. హైదరాబాద్ కేంద్రం తీసిన తెలుగు నాటకాలు, టెలిఫిల్ములు కూడా ఆ జాబితాలో ఉండాలి. మన నటీమణులు వాటిలో ఏం చేశారో చెప్పుకోవడానికి ప్రస్తుతం జ్ఞాపకాలే ఆధారం.

‘ముజ్రిమ్ హాజిర్’ పూర్తిగా ఉంటే తెలుగు సబ్‌టైటిళ్లతో విడుదల చేయండి. పూర్తిగా లేకపోతే ఆ మాటే చెప్పండి. అప్పుడైనా ఇళ్లలో రికార్డు చేసి దాచుకున్న వీడియో క్యాసెట్ల విలువ తెలుస్తుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయాలు ఒక వీసీఆర్, ఒక కంప్యూటర్ పెట్టి, రికార్డు చేసుకున్నవాళ్ల దగ్గర నకళ్లు తీసుకునే ఏర్పాటు చేయవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ వీసీఆర్ దొరకడమే కష్టం. ప్రపంచంలో చివరిదాకా వాటిని తయారుచేసిన జపాన్ కంపెనీ కూడా 2016లో మానేసింది.

క్యాసెట్లు ఉన్న పాఠకులకు ఒక మాట. మనది సముద్రపు గాలి తగిలే నేల. డబ్బా కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే, ఆత్రపడి వీసీఆర్‌లో పెట్టకండి. టేపును చదివే హెడ్ పాడవుతుంది, బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. దాన్ని విడిగా, పొడిగా ఉండేచోట నిలబెట్టి ఉంచి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.