శంకువు స్థూపంలో సగం కాదు, మూడో వంతే

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. శంకువు (కోన్) ఘనపరిమాణం అదే అడుగుభాగం, అదే ఎత్తు ఉన్న స్థూపంలో (సిలిండర్‌లో) మూడో వంతన్న పుస్తకాల లెక్క తప్పట, నిజానికి సగమట. త్రిభుజం దీర్ఘచతురస్రంలో సగం కాబట్టి దాన్ని తిప్పితే వచ్చే శంకువు కూడా సగమే, ఆర్యభటుడూ అదే చెప్పాడు, పాశ్చాత్యులు మార్చేశారు, నమ్మకపోతే నీళ్లు పోసి చూసుకోండి, అంటున్నారు. పరీక్షల ముందు పిల్లలకి ఇదొక టెన్షన్.

త్రిభుజం వాదన వినడానికి బాగుంటుంది. బోల్తా కొట్టించేదీ అదే. దీర్ఘచతురస్రాన్ని మూల నుంచి మూలకి కోస్తే రెండు సమాన త్రిభుజాలు వస్తాయి, నిజమే. కానీ నిలువు అంచుని ఇరుసుగా పట్టుకుని తిప్పినప్పుడు రెండూ ఒకే దూరం తిరగవు. శంకువు అయ్యే ముక్క ఇరుసుని అంటిపెట్టుకుని ఉంటుంది, రెండో ముక్క బయటి అంచు వైపు ఉంటుంది. లోపలిదాని గురుత్వ కేంద్రం ఇరుసు నుంచి వ్యాసార్ధంలో మూడో వంతు దూరంలో ఉంటే, బయటిదానిది మూడింట రెండు వంతుల దూరంలో ఉంటుంది. వైశాల్యం ఒకటే, తిరిగే దూరం మాత్రం రెట్టింపు. అందుకే స్థూపం సగానికి సగం కాకుండా 1:2గా విడిపోతుంది. అలెగ్జాండ్రియాకి చెందిన గ్రీకు గణితవేత్త పాపస్ పేరు మీద ఉన్న సిద్ధాంతం చెప్పేది ఇదే.

సిద్ధాంతాలు వద్దనుకుంటే పెన్నూ కాగితం చాలు. శంకువుని ఎత్తులో పది సమాన పొరలుగా కోసి, ఒక్కో పొర అడుగుభాగమంత వెడల్పున్న బిళ్లని ఆ పొర బదులు పెట్టండి. పైనుంచి బిళ్లల వ్యాసార్ధాలు 1, 2, 3 ఇలా 10 దాకా. వైశాల్యాలు వాటి వర్గాల లెక్కన 1, 4, 9 ఇలా 100 దాకా. మొత్తం 385. స్థూపానికి పది బిళ్లలూ 100 చొప్పున 1000. శంకువు కంటే పెద్దగా పేర్చిన మెట్లే 385 అయితే, వాటి లోపల ఒదిగే శంకువు 500 ఎలా అవుతుంది? శంకువు లోపల ఇమిడేలా పేర్చితే 285 వస్తుంది. పొరలు వంద చేస్తే ఈ రెండు హద్దులూ 33.8, 32.8 శాతం. ఇంకా పెంచుకుంటూ పోతే మధ్యలో మిగిలేది మూడో వంతే.

ఆర్యభటుడి సంగతి పూర్తిగా కల్పన కాదు. 499 నాటి ఆర్యభటీయంలో, ఆరు అంచులున్న పిరమిడ్‌కి అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం చేయమని ఉంది. అది పొరపాటు, పిరమిడ్‌కీ మూడో వంతే రావాలి. పై (π) విలువని 3.1416గా ఇచ్చిన అధ్యాయంలోనే ఉందది, దీనివల్ల ఆయన గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు. 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతనే రాశాడు, తర్వాత లీలావతిలో భాస్కరాచార్యుడూ అంతే. గ్రీకుల్లో డెమోక్రిటస్ చెప్పినదాన్ని యుడోక్సస్ నిరూపించాడని ఆర్కిమెడీస్ రాశాడు. ఎవరో వచ్చి మార్చేసిన లెక్క కాదిది.

ఇక వీడియో. శంకువుతో రెండుసార్లు నీళ్లు పోస్తే గ్లాసు నిండింది. అందులో మోసమేమీ లేదు, మూతులూ ఎత్తులూ కూడా సరిపోయాయి. కానీ ఒకసారి ఆపి గ్లాసు చూడండి. దర్శినిలో (బెంగళూరులో నిలబడి తినే చిన్న హోటల్లో) మజ్జిగ పోసిచ్చే రకం, పైన వెడల్పు, కింద సన్నం. మూతి 7.5 సెంటీమీటర్లు, అడుగు 4.5 అనుకుంటే, అదే మూతి, అదే ఎత్తు ఉన్న స్థూపంలో 65 శాతమే దాన్లో పడుతుంది. రెండు శంకువుల నీళ్లు దాదాపు 67 శాతం. ఆ ఎక్కువైన కాసినే చివర్లో బల్ల మీద ఒలికిన నీళ్లు! వంటింట్లో గోడలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా తీసుకుని, దాని మూతికీ ఎత్తుకీ సరిపోయేలా అట్ట శంకువు చుట్టి బియ్యం పోయండి. మూడోసారికి గానీ నిండదు.